గుండు కింద, ముల్లు పైన

మామూలు గాలానికి బరువు ముల్లుకు పైన ఉంటుంది, లేదా ముల్లునే అంటిపెట్టుకుని ఉంటుంది. డ్రాప్ షాట్ అనే గాలం అమరికలో ఈ వరస తలకిందులు. దారం కొసన గుండు, దానికి జానెడు నుంచి మూరెడు ఎత్తులో ముల్లు. గుండు అడుగున ఆనుతుంది, ఎర దానిపైన నీళ్లలో నిలుస్తుంది.

సముద్రపు వేటలో ఇది పాత అమరికే. మంచినీటి బ్లాక్ బాస్ కోసం దానికి పదును పెట్టింది జపాన్ వాళ్లు. ఈ చేప అసలు ఉత్తర అమెరికాది. అకబోషి తెత్సుమా అనే వ్యాపారి 1925లో తెప్పించి హకోనేలోని అషి సరస్సులో వదిలాడు. తర్వాత అది ఎన్నో సరస్సులకు పాకింది. వేట ఎక్కువైన చోట చేపలు బెదరడం నేర్చాయి. పెద్ద ఎర దూసుకుపోతే కదలడం మానేశాయి. అలాంటి చేప కోసం కుదిరిన పద్ధతి 1990ల చివర కాలిఫోర్నియా చేరి, పోటీల ద్వారా అమెరికా అంతటా వ్యాపించింది. జపాన్‌కు మాత్రం ఆ చేపే తలనొప్పి అయింది. 2005లో ఆ దేశం దాన్ని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చి, ప్రాణంతో తరలించడాన్ని నిషేధించింది.

చాలా గాలాల్లో ఎర కదలాలంటే లాగాలి. లాగితే అది చేప ముందు నుంచి వెళ్లిపోతుంది. ఇక్కడ గుండే లంగరు. దారాన్ని కాస్త వదులుగా ఉంచి కర్ర కొసను వణికిస్తే ఎర ఉన్నచోటే అల్లాడుతుంది. కొత్తవాళ్లు గుండు ఎగిరిపడేలా ఊపి ఈ మేలునంతా పోగొట్టుకుంటారు. చాలాసార్లు ఊరుకోవడమే మంచిది. నీటి కదలికే ఎరను ఆడిస్తుంది.

ముల్లు దారానికి అడ్డంగా నిలవాలి. అందుకు పాలొమార్ ముడి వాడతారు. దారాన్ని మడిచి ముల్లు కంట్లోంచి దూర్చి, వదులుగా ముడి వేసి, ఆ ఉచ్చులోంచి ముల్లును దాటించి, తడిపి బిగిస్తారు. మిగిలిన పొడవాటి కొసను మొన వైపు నుంచి మళ్లీ కంట్లోకి దూర్చి కిందికి లాగితే మొన పైకి తిరిగి ఉంటుంది.

5 నుంచి 10 గ్రాముల గుండు సాధారణంగా చాలు. నీటితో పోలిస్తే సీసం సాంద్రత 11.3 రెట్లు, టంగ్‌స్టన్‌ది 19.3 రెట్లు, కాబట్టి అదే బరువుకు టంగ్‌స్టన్ గుండు చిన్నది, అడుగున రాయా బురదా అన్నది చేతికి బాగా తెలుస్తుంది. ధర మాత్రం ఎక్కువ. ముడి వేయకుండా దారాన్ని నొక్కిపట్టే గుండ్లూ ఉన్నాయి. రాళ్లలో ఇరుక్కుంటే గుండు జారిపోతుంది, ముల్లు దక్కుతుంది.

చేప పట్టినప్పుడు తరచుగా దారం బరువెక్కినట్టు మాత్రమే అనిపిస్తుంది. అప్పుడు గుంజితే సన్నని దారం తెగుతుంది. వదులు చుట్టేసి కర్రను నింపాదిగా ఎత్తితే సన్నని ముల్లు దానంతటదే దిగుతుంది.

సోనార్ తెరపై కనబడిన చేప ముందుకు ఎరను నిలువుగా దించగలగడం దీని పెద్ద బలం. కానీ సుమారు 10 మీటర్లకు మించిన లోతు నుంచి పైకి తెస్తే చేప పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది. వదిలేసినా అది కిందికి దిగలేక చచ్చిపోవచ్చు. పట్టి వదిలేసేవాళ్లు అంత లోతుకు పోకపోవడం మేలు.