ఇంజను నుంచి చక్రం దాకా: సమవేగ కీలు, యాక్సిల్‌ల పరిణామం

కారు ఇంజనులో పుట్టిన శక్తి గేరుబాక్సును, డిఫరెన్షియల్‌ను దాటి చివరి అంచెగా చక్రాన్ని చేరేది ఒక ఉక్కు కడ్డీ ద్వారా. దానినే యాక్సిల్ అని, హాఫ్ షాఫ్ట్ అని పిలుస్తారు. చక్రం గుంతలోకి దిగి గట్టు మీదికి లేస్తుంది, ముందు చక్రమైతే స్టీరింగ్‌తో పాటు పక్కలకు కూడా తిరుగుతుంది. కనుక ఈ కడ్డీ తిన్నగా ఉన్నప్పుడే కాక వంగిన కోణంలోనూ ఆగకుండా, కుదుపు లేకుండా తిరగాలి. ఈ చిక్కును విప్పడానికి ఇంజనీర్లకు తరాలే పట్టాయి.

కోణంలో ఉన్న రెండు షాఫ్టులను కలిపే శిలువ ఆకారపు కీలును 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ వివరించాడు. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఇదే సూత్రంతో కార్లకు పనికివచ్చే కీలును రూపొందించి, గొలుసులతో చక్రాలను తిప్పే పద్ధతికి ప్రత్యామ్నాయం చూపాడు. అయితే హుక్ కీలులో ఒక స్వాభావిక లోపం ఉంది: ఒక వైపు షాఫ్టు నిలకడగా తిరుగుతున్నా రెండోది అలా తిరగదు. రెండింటి మధ్య కోణం 30 డిగ్రీలయితే, మొదటిది నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు రెండోదాని వేగం 866, 1155 చుట్ల మధ్య ఊగిసలాడుతూ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వెనుక చక్రాలను నడిపే కార్లలో ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరలా ఇలాంటి కీళ్ళను సమాన కోణాల్లో అమర్చి ఒకదాని లోపాన్ని మరొకదానితో సరిచేశారు కాని, మలుపులో బాగా తిరిగే ముందు చక్రాన్ని నడపడానికి ఆ ఉపాయం చాలలేదు.

సమవేగ కీలు, అంటే సీవీ జాయింట్, ఈ అవసరం నుంచి పుట్టింది. ఫ్రాన్స్‌లో పియర్ ఫెనాయ్, జాన్-ఆల్బర్ట్ గ్రెగ్వార్ 1926లో ట్రాక్టా కీలును తీర్చిదిద్దగా, అదే దశాబ్దంలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా ఉక్కు గుండ్లతో పనిచేసే మరో కీలును కనిపెట్టాడు. లోపలి భాగానికి, గిన్నెలాంటి బయటి భాగానికి మధ్య వంపు గాడుల్లో ఆరు గుండ్లు ఉంటాయి. కేజ్ అనే చట్రం వాటిని ఎల్లప్పుడూ రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సమంగా పంచే తలంలోనే నిలుపుతుంది. ఆ తలం ఇరువైపులకూ సమదూరంలో ఉండటం వల్లనే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఈ కోవకు చెందిన కీళ్ళనే బ్రిటన్‌లో 1959 ఆగస్టులో విడుదలైన మినీ కారుకు వాడారు. కేవలం 34 అశ్వశక్తితో మొదలైన ఆ కారు తర్వాత 1275 సీసీ కూపర్ ఎస్ రూపంలో 76 అశ్వశక్తికి చేరి మాంటే కార్లో ర్యాలీలో గెలిచిందంటే, దాని ముందు చక్రాల కీళ్ళు ఎంత భారాన్ని భరించాయో ఊహించవచ్చు. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల చోదకాన్ని మధ్యతరగతి ఇంటి ముంగిటికి తెచ్చింది. మలుపులో ముందు చక్రం వైపు టకటక శబ్దం వస్తే సీవీ జాయింట్ అరిగిందని మెకానిక్ చెప్పడం అప్పటినుంచి వాడుకైన మాట.

ఇంజను బలాన్ని పెంచినప్పుడు ఈ యాక్సిల్‌కు ఏమవుతుందో లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఇంజను టార్క్, అంటే మెలితిప్పే బలం, 300 న్యూటన్ మీటర్లు అనుకుంటే, మొదటి గేరు 3.5 రెట్లు, ఫైనల్ డ్రైవ్ 4 రెట్లు పెంచడంతో అది 4200 అవుతుంది. చెరి సగం పంచుకుంటే ఒక్కో యాక్సిల్‌కు 2100 వస్తుంది. కడ్డీ వ్యాసం 25 మిల్లీమీటర్లయితే దాని ఉపరితలంపై పుట్టే కోత ప్రతిబలం సుమారు 684 మెగాపాస్కల్‌లు. 30 మిల్లీమీటర్లయితే 396 మాత్రమే. ప్రతిబలం వ్యాసపు ఘనానికి విలోమంగా మారడం వల్లనే అయిదు మిల్లీమీటర్ల తేడా ఇంత మేలు చేస్తుంది. మెలి ప్రభావం ఉపరితలంపై అత్యధికంగా, కడ్డీ నడిమధ్యలో శూన్యంగా ఉంటుంది కాబట్టి బోలు షాఫ్టులు బరువు తగ్గించుకుంటూనే చాలావరకు బలాన్ని నిలుపుకుంటాయి.

అయినా లావు ఒక్కటే చాలదు. యాక్సిల్ సాధారణంగా విరిగేది నడుమ భాగంలో కాదు, స్ప్లైన్‌లు అనే పళ్ళ మొదట్లో. అక్కడి పదునైన మూలల్లో ప్రతిబలం గుమిగూడి, వేలసార్లు పడ్డ భారం వల్ల ఫెటీగ్ అనే లోహపు అలసటగా మారి సన్నని పగులు మొలుస్తుంది. అందుకే నిపుణులు కడ్డీ నడుమను పళ్ళ అడుగు వ్యాసం మేరకు సన్నగా తరిగి మెలి అంతటా సమంగా పరుచుకునేలా చేస్తారు. చిన్న ఉక్కు గుళ్ళతో ఉపరితలాన్ని మోది, పగులు తెరుచుకోకుండా అడ్డుకునే సంపీడన ప్రతిబలాన్ని అక్కడ నింపుతారు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4340 ఉక్కును, దానికి సిలికాన్, వెనేడియం జోడించి తయారుచేసే, విమానాల లాండింగ్ గేర్లలో వాడే 300ఎం ఉక్కును పందెపు కార్లకు ఎంచుకోవడం కూడా ఈ కారణంగానే.

యాక్సిల్ మోయవలసిన భారాన్ని ఇంజను మాత్రమే నిర్ణయించదు. టైరు జారిపోతే షాఫ్టుకు ఉపశమనం దొరుకుతుంది. మెత్తని పందెపు టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటే ఆ ఉపశమనం పోతుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలినప్పుడు తిరుగుతున్న ఫ్లైవీల్ వేగం కుదుపుగా మారి లెక్కకు మించిన టార్క్‌ను తెస్తుంది. సస్పెన్షన్ ఎత్తును విపరీతంగా మార్చితే కీలు ఎప్పుడూ పెద్ద కోణంలోనే తిరుగుతూ వేడెక్కుతుంది. రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారితే, ఎంత ఖరీదైన కీలైనా దుమ్ము, నీళ్ళ చేత అరిగిపోతుంది.

ఈ కథ నేర్పే ముఖ్య విషయం ఏమిటంటే, బలమైన యాక్సిల్ భారాన్ని మాయం చేయదు, దానిని పక్క భాగానికి అప్పగిస్తుంది. సన్నని యాక్సిల్ విరిగి కాపాడే గేరుబాక్సు పళ్ళు, డిఫరెన్షియల్ గేర్లు, బలమైన యాక్సిల్ వచ్చాక తామే ఆ దెబ్బ తింటాయి. కాబట్టి వరుసలోని ప్రతి భాగం ఎంత భరించగలదో తెలుసుకుని, తప్పనిసరిగా ఒకటి విరగవలసి వస్తే తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో మార్చగలిగినదే ముందుగా విరిగేలా మొత్తం వ్యవస్థను సమతూకంలో ఉంచడమే నిజమైన మెరుగుదల. హుక్ కీలు నుంచి 300ఎం ఉక్కు వరకు సాగిన ఈ సుదీర్ఘ ప్రయత్నమంతా నిలబడేది ఆ సమతూకం మీదనే.