జీడిపిక్క నూనె - పేటెంటు కథ

హౌరా నుండి చెన్నైకి పోవు రైలుమార్గములో పలాస స్టేషను వచ్చినదని కిటికీలోనుండి చూడకయే చెప్పవచ్చును. పొట్లములమ్మువారి కేకలలో జీడిపప్పు కేక మొదట వినబడును. స్టేషను దాటి కాశీబుగ్గ వైపు నాలుగడుగులు వేసినచో కాలిన పెంకుల ఘాటు ముక్కుకు తగులును. పప్పు సంగతి అందరికిని తెలిసినదే. ఆ ఘాటు సంగతి మాత్రము మన ఇండ్లలో చాలమందికి తెలియదు. నేటి ప్రసంగము దానిని గురించి.

జీడిమామిడి మొదట మన చెట్టు కాదు. బ్రెజిలు దేశము నుండి 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చినారు. మనవారు దానికి పేరు పెట్టునప్పుడు ఒక పాత బంధువును గుర్తు పట్టినారు. చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టుటకు వాడిన నల్లజీడియు, ఈ జీడిమామిడియు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. రెండింటి గింజల రసమును చర్మమును పొక్కించును. వృక్షశాస్త్రజ్ఞులు లెక్క తేల్చకముందే తెలుగు భాష ఆ చుట్టరికమును గ్రహించినదనవలెను.

పిక్క బరువులో పప్పు నూటికి ముప్పది వంతులకు మించదు. మిగిలినదంతయు దాదాపు పెంకే. ఆ పెంకు రెండు పొరల నడుమ తేనెపట్టు వంటి గూళ్లుండును. వాటిలో ఎరుపు కలిసిన గోధుమరంగు నూనె ఉండును. దానిలో ముఖ్యమైనది అనకార్డిక్ ఆమ్లము. దానితో పాటు కార్డాల్ అను పదార్థము. పిక్కలు కొట్టు స్త్రీల వ్రేళ్లు నల్లబడి తోలు ఊడుటకు కారణము ఇవియే. చేతులకు నూనెయో బూడిదయో పూసికొని పని చేయుట నేటికిని చూడవచ్చును. ఉద్దానములోని ప్రతి ఊరిలోను అటువంటి చేతులున్నవి.

మనకు పుండ్లు తెచ్చిన ఈ నూనె మరియొక చోట ధనము తెచ్చినది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో, ఇర్వింగ్టన్ అను ఊరిలో, వార్నిషులును విద్యుత్ తీగలకు కప్పు నిరోధక పదార్థములును చేయు ఒక కంపెనీ ఉండెడిది. మార్టిమర్ హార్వే అను రసాయన శాస్త్రజ్ఞుడు 1920, 1930 దశాబ్దములలో ఈ నూనెపై పరిశోధనలు చేసినాడు. నూనెను కాచినచో అనకార్డిక్ ఆమ్లములోని బొగ్గుపులుసు వాయువు వెలికి పోయి కార్డనాల్ అను పదార్థము మిగులును. దానిని ఫార్మాల్డిహైడుతో కలిపినచో గట్టి జిగురు ఏర్పడును. దానిని గట్టిపరచి పొడి చేసి మోటారు బండ్ల బ్రేకు లైనింగులలో కలిపినచో బ్రేకు వేడెక్కినప్పుడును పట్టు సడలదు. ఇట్టి ప్రయోజనములపై హార్వే పేర పేటెంటులు వరుసగా వెలువడినవి. ముడి నూనె మన దేశము నుండి ఓడలలో పోయినది. రహదారిపై పలాస మీదుగా పోవు లారీల బ్రేకులలో నేడు జీడిపెంకుల సారము ఉండిన ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఈ కథ చెప్పగానే, మన సొత్తును వారు ఎత్తుకొనిపోయినారు కదా అని పలువురు అందురు. నేను అట్లు అనలేను. పేటెంటు అనగా ఏమో ముందు చూతము.

పేటెంటు ఒక ఒప్పందము. క్రొత్తదియు, ఆ విద్య తెలిసినవారికి సహజముగా తట్టనిదియు, పరిశ్రమలో ఉపయోగపడునదియు అయిన ఒక వస్తువునో పద్ధతినో కనిపెట్టినవాడు దాని రహస్యమంతయు వ్రాసి ప్రభుత్వమునకు ఇచ్చును. ప్రభుత్వము దానిని లోకమునకు ప్రకటించును. బదులుగా కొంతకాలము అతని అనుమతి లేక మరెవ్వరును దానిని చేయరాదు, అమ్మరాదు. గడువు తీరగానే అది అందరి సొత్తు. మన దేశములో ఈ ఏర్పాటు 1856లో మొదలైనది. ఆ సంవత్సరము కలకత్తాలోని డిపెనింగ్ అను ఇంజనీరు పంకా లాగు యంత్రమునకు మొట్టమొదటి హక్కును కోరినాడు. పంకా లాగు కూలివాని సంగతి ఆ దరఖాస్తు విచారించినట్లు లేదు. 1911 నాటి చట్టము తరువాత 1970లో స్వతంత్ర భారతము తన పేటెంటు చట్టమును చేసికొన్నది. నేడు గడువు 20 సంవత్సరములు.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. ఒకటి: పేటెంటు ఇచ్చిన దేశములోనే అది చెల్లును. అమెరికా పేటెంటు పలాసలో ఎన్నడును ఎవరి చేతులను కట్టివేయలేదు. రెండవది: హార్వే తొలి పేటెంటుల గడువు, అప్పటి అమెరికా చట్టము ప్రకారము మంజూరైన నాటి నుండి 17 సంవత్సరములు, అది ఏనాడో తీరినది. ఆ పత్రములను నేడు ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. పాళ్లు, వేడి, కాలము అన్నియు అందున్నవి. మనలను ఆపినది పేటెంటు కాదు. దానిని తెరచి చూడకపోవుట.

ఇక ఎవరికిని దక్కని విద్య కూడ ఉన్నది. పడమటి తీరమున బెస్తలు ఈ నూనెను పడవలకు పూసి చెక్కను పురుగు నుండి కాపాడుకొందురు. అది తరతరముల తెలివి. దానిని ఎవ్వరును నాది అనరాదు. పసుపు పుండును మాన్పునని మన అమ్మమ్మలకు తెలిసిన సంగతికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చినారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి పోరాడగా 1997లో అది రద్దయినది. వ్రాసి ఉంచిన కాగితము అక్కడ గెలిపించినది. వ్రాయని తెలివికి ఆ బలము లేదు.

దీని రుచి నాకు కాశీబుగ్గలోని ఒక చిన్న వర్కుషాపులో తెలిసినది. జీడి పరిశ్రమపై కార్యక్రమము కొరకు రికార్డింగు యంత్రము పట్టుకొని అక్కడికి వెళ్లితిని. పిక్కలు చీల్చు బల్ల మీద రెండు కత్తులుండును. కాలితో తొక్కినచో కత్తులు పిక్కను పట్టును, చేతి పిడిని తిప్పినచో పెంకు విచ్చును. పిక్క చిన్నదైనను పెద్దదైనను కత్తుల నడుమ సందు ఒక్కటే కావున పప్పు బద్దలగును. వ్యాపారమునందు గుండుకును బద్దకును ధరలో ఎంత తేడాయో చెప్పనక్కరలేదు. ఆ మెకానికు కత్తికి ఒక స్ప్రింగు తగిలించి సందు తానే సర్దుకొనునట్లు చేసినాడు. నూనె చిట్లి చేతిపై పడకుండ రేకు మూత కూడ అమర్చినాడు. మొదటి బల్లను వీధిలో పెట్టి అందరికిని చూపినాడు. ఏడాది తిరుగకముందే ఊరిలోని మిగిలిన షాపులన్నియు అదే బల్లను అమ్మినవి.

"నాను సేసినానని ఇప్పుడు ఎవులు నమ్ముతారు బాబూ?" అన్నాడతడు.

నమ్మినను ప్రయోజనము లేదు. దరఖాస్తుకు ముందే వస్తువును పదిమందిలో చూపినచో అది క్రొత్తది కాదనును చట్టము. ప్రభుత్వము ప్రకటించిన ప్రదర్శనల వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే కలవు. అతడు చేయవలసిన పని పెద్దదేమియు కాదు. ముందుగా తాత్కాలిక వివరణ పత్రము దాఖలు చేసి, పూర్తి వివరణకు 12 నెలల వ్యవధి పొందవచ్చును. ఆంధ్రప్రదేశ్‌వారి దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయమునకు చెందును. ఇంటర్నెట్టు ద్వారా పంపు వ్యక్తికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పరీక్షకు, ఏజెంటుకు, తరువాత ఏటేట హక్కు నిలుపుకొనుటకు వేరుగా ఖర్చు అగును. టెక్కలిలో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. పటము గీయగల పిల్లలు అక్కడ దొరకకపోరు.

పేటెంటులు ప్రభుత్వమునకు ఉండవా అని అడుగవచ్చును. ఉండవచ్చును. పేటెంటు చట్టము కేంద్రమునకు సంబంధించినదైనను, రాష్ట్ర ప్రభుత్వము గాని దాని విశ్వవిద్యాలయము గాని తక్కిన వారివలెనే దరఖాస్తు పెట్టవచ్చును. అయితే ఉద్దానమునకు ప్రభుత్వపు పరిశోధన ఇచ్చిన ముఖ్యమైన కానుక పేటెంటుకు లొంగునది కాదు. అది చెట్టు. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రమువారి బి.పి.పి.-8 అను సంకరరకపు పిక్క 8 గ్రాముల వరకు తూగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటి తోటలను కూల్చినప్పుడు, తిరిగి ఏ మొక్క నాటవలెనన్నది ఇంటింటి ప్రశ్న అయినది. మన పేటెంటు చట్టము మొక్కలకు హక్కు ఇవ్వదు. వాటికి 2001 నాటి వేరొక చట్టము ఉన్నది. రైతు తన పొలములో పండిన విత్తనమును దాచుకొనుటను, పొరుగువానికి ఇచ్చుటను అది కాపాడినది. బ్రాండు పేరుతో అమ్మరాదు, అంతే.

మరియొక పొరపాటును కూడ ఇక్కడ సవరింపవలెను. తిరుపతి లడ్డుకు 2009లో పేటెంటు వచ్చినదని అందురు. అది పేటెంటు కాదు, భౌగోళిక గుర్తింపు. మన జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి పనికి ఉన్నదియు అదే. అది ఊరి పేరును కాపాడును, పనిముట్టును కాదు.

ప్రభుత్వమునకు పేటెంటుపై వేరొక అధికారము కూడ కలదు. మూత్రపిండముల వ్యాధితో నలిగిన ఉద్దానములో మందుల ధర ఎట్టి భారమో వేరుగా చెప్పనేల? ఆ వ్యాధికి కాదు గాని, మూత్రపిండముల, కాలేయపు కాన్సరులకు వాడు ఒక పేటెంటు మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండగా, 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో కంపెనీకి దానిని తయారుచేయు నిర్బంధ లైసెన్సు లభించినది. దేశములో అదే మొదటిది. నాట్కో ధర 8,880 రూపాయలు; పేటెంటుదారునికి అమ్మకములపై రాయల్టీ నూటికి 6 వంతులుగా నిర్ణయించినారు. ప్రజలకు తగిన ధరలో అందని వస్తువుపై హక్కు సంపూర్ణము కాదని చట్టము ఉద్దేశము.

కాశీబుగ్గకు మరల వెళ్లినప్పుడు ఆ మెకానికు వర్కుషాపులో మూలన గోనెపట్టా కప్పిన బల్ల ఒకటి కనిపించినది. అదేమని అడిగితిని. "కాగితం దాకలు సేసే వరకూ సూపను బాబూ," అని నవ్వినాడు. దాని శబ్దమును మాత్రము రికార్డు చేసికొననిచ్చినాడు.