బొంబాయిలో మూడు రోజులు: తిన్నవీ, చూచినవీ

పట్నం పోయి వచ్చినవారు ముందు మేడల సంగతి చెబుతారు, తరువాత తిండి సంగతి. మేము తిండితోనే మొదలుపెడుతున్నాము. కడుపు నిండనిదే కంటికి ఏదీ ఆనదు గదా! ఆ నగరం పేరు 1995లో ముంబయి అయిందని ఎరగక కాదు. మా యింట్లో పెద్దవాళ్ల నోట అది ఇప్పటికీ బొంబాయే కనుక అలాగే వ్రాస్తున్నాము.

సోలాపూరులో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి తెల్లవారేసరికి బొంబాయిలో దిగాము. మేమిద్దరం, మా అబ్బాయి, మా అమ్మ, వెరసి నలుగురం. అమ్మ పుట్టింది బొంబాయిలోనే, వర్లీ బి.డి.డి. చాళ్లలో. తాతయ్య అక్కడ ఒక బట్టల మిల్లులో నేతపని చేసేవాడు. 1983లో సోలాపూరు వచ్చేశాక అమ్మ మళ్లీ అటు అడుగుపెట్టలేదు. ఎన్నిసార్లు రమ్మన్నా, "అక్కడ నాకేముంది?" అనేది. చాళ్లు పడగొడుతున్నారని విని ఈసారి తనంతట తానే, "ఒక్కసారి చూపించండిరా" అన్నది. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే.

మేము దిగిన స్టేషనే ఒక చూడవలసిన కట్టడం. 1888లో పూర్తయింది. 2004లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. మన దేశంలో మొట్టమొదటి ప్రయాణీకుల రైలు 1853 ఏప్రిల్ 16న ఈ బోరీబందరు ప్రాంతంనుంచే ఠాణాకు 34 కిలోమీటర్లు నడిచింది. మావాడు తల పైకెత్తి గోపురం చూస్తూ నిలుచుండిపోయాడు. అమ్మ మాత్రం, "ముందు టీ నీళ్లు తాగుదాం పదండి" అన్నది.

అక్కడినుంచి నడిచిపోయేంత దూరంలో ధోబీ తలావ్ దగ్గర కయానీ అండ్ కంపెనీ అనే ఇరానీ హోటలున్నది. 1904 నాటిది. ఇరాన్‌నుంచి వచ్చిన జొరాస్ట్రియనులు పెట్టిన ఇటువంటి హోటళ్లు ఒకప్పుడు బొంబాయి మూలమూలనా ఉండేవి. ఇప్పుడు కొద్దే మిగిలాయి. బ్రన్ మస్కా తెప్పించాము. గట్టి పెంకు గల రొట్టెను చీల్చి వెన్న దండిగా పూసి ఇస్తారు. టీలో ముంచుకొని తినాలి. ముంచకుండా కొరికితే పళ్లకు పరీక్షే.

పదకొండున్నర వేళకు చర్చిగేటు స్టేషను బయట నిలబడ్డాము. తెల్లటోపీల డబ్బావాలాలు రైలు దిగి, పొడవాటి తట్టల్లోని భోజనం డబ్బాలను పేవ్‌మెంటుమీద వరసలు పెట్టి, ఏ డబ్బా ఏ ఆఫీసుకో నిమిషాలలో విడదీశారు. మూతలపై రంగుతో వేసిన అక్షరాలూ అంకెలే వాళ్లకు చిరునామా. 1890లో మహదేవ్ హవాజీ బచ్చే ఈ పనికి నాంది పలికాడు. ఇంటి వంట తినాలన్న కోరికే ఇంత పెద్ద వృత్తిని నిలబెట్టింది. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు చాలామంది ఈ పని వదలవలసి వచ్చింది. సాయంకాలం గిర్గాఁవ్ చౌపాటీ ఇసుకలో కూర్చొని భేల్‌పూరీ తిన్నాము. బొరుగులు మెత్తబడకముందే తినెయ్యాలి. కబుర్లలో పడితే రుచి పోతుంది.

రెండవనాడు మాటుంగా వెళ్లాలని లోకల్ రైలెక్కాము. తొందరలో ఫాస్టు బండి ఎక్కామని తెలియలేదు. దాదరు దాటింది, మాటుంగా స్టేషను కిటికీలోంచి కనబడి వెనక్కు పోయింది, మేము కుర్లాలో తేలాము! ఇది మా స్వయంకృతం. బండి పేరు చూచుకోవడం ఎంత ముఖ్యమో, స్లోనా ఫాస్టా అని చూచుకోవడమూ అంతే ముఖ్యం. తిరిగి స్లో బండిలో వచ్చి దిగాము. 2017నుంచి పూర్తిగా స్త్రీలే నడిపిన స్టేషనుగా మాటుంగా పేరు తెచ్చుకుంది. దగ్గరలోనే 1942లో ఎ. రామ నాయక్ పెట్టిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు ఉన్నది. అరటాకులో అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. రెండు రోజులుగా రొట్టెలతో సరిపెట్టుకున్న మావాడు మారు వడ్డించుకున్నాడు. బయట పూల అంగళ్లలో అమ్మ మల్లెదండ కొన్నది.

మూడవనాడు వర్లీ. 1920 ప్రాంతాలలో కట్టిన ఆ చాళ్లు వర్లీలోనే 121 ఉండేవి. గదికి 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు అంతస్తు అంతటికీ ఉమ్మడి. అమ్మవాళ్లు ఒక్క గదిలో ఎనిమిదిమంది ఉండేవారట. తీరా పోయి చూస్తే, ఆమె చెప్పిన చోట రేకుల దడి, దాని వెనుక పెద్ద గొయ్యి. పక్కన ఆకాశాన్నంటే కొత్త మేడలు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు వాటిలో 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలిచ్చారు.

మా తెలుగు విని టీకొట్టు దగ్గరి పెద్దాయన పలకరించాడు. "ఏ చాళ్ల ఉండేటోళ్లమ్మా మీరు?" అన్నాడు. ఆయనకూ కొత్త యిల్లు వచ్చిందట. "లిఫ్టున్నది, ఇంట్లనే నల్లా ఉన్నది. తలుపేస్తే మాత్రం పక్కింటోళ్ల మాట ఇనరాదు" అన్నాడు.

అమ్మ కంట తడి పెట్టుకుంటుందేమో అనుకున్నాము. "మంచిదే అయింది. ఆ గదిలో మా అమ్మ పగటిపూట ఒక్కనాడు నడుం వాల్చలేదు" అన్నది, అంతే.

సాయంత్రం దాదరు స్టేషను బయట వడాపావు కొనబోతే తనకు వద్దన్నది. ఆ రోజు చెప్పింది, మాకెవరికీ తెలియని సంగతి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. దాదాపు రెండున్నర లక్షలమంది. ఆ సమ్మెకు తుది కనబడలేదు. జీతం లేక తాతయ్య మిల్లు గేటు దగ్గర వడాపావు బండి పెట్టాడు. తెల్లవారుజామున లేచి ఆలుగడ్డలు ఉడికించి తొక్క తీసేది అమ్మ. తినవచ్చేవాళ్లంతా తోటి సమ్మెవాళ్లే. వాళ్లను డబ్బులడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఏడాది తిరగకముందే బండి అమ్మేసి సంసారంతో సోలాపూరు చేరాడు. ఇక బొంబాయి మాట ఎత్తలేదు.

వడాపావును 1966లో ఇదే దాదరు స్టేషను బయట అశోక్ వైద్య మొదలుపెట్టాడని చెబుతారు. మన ఆలూ బోండానే పావురొట్టె మధ్య పెట్టి, వెల్లుల్లి కారం చల్లి ఇస్తారు. చౌకగా కడుపు నిండేది కనుక మిల్లు కార్మికుల తిండి అయింది.

కాసేపటికి అమ్మ చేయి చాచి, మావాడి చేతిలోనిది ఒక ముక్క తుంచుకొని తిన్నది. "కారం చాలదు. నాన్న ఇంకా వేసేవాడు" అన్నది. తరువాత రైల్లోకి మరో నాలుగు కట్టించింది. మేము జేబులో చేయి పెడితే ఆపి, "ఉండండి, నేనిస్తాను" అని తన చెంగు ముడి విప్పింది.

బొంబాయి వెళ్లే చందాదారులకు మా సలహా: లోకల్ బండ్లు ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఎక్కకండి. ఇరానీ హోటలుకు పెందలాడే వెళ్లండి. ఆ ఊళ్లో బ్రతికి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే తప్పక వెంటబెట్టుకొని వెళ్లండి. చూపించడానికి మనం తీసుకుపోతాము, చూపించేది వాళ్లే.