మధ్య భారతంలో వాన.. కోస్తాకు వరద

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న అభన్‌పూర్ వరి పండించే ప్రాంతం. అక్కడికి పరదీప్ వద్ద సముద్రం సుమారు 500 కిలోమీటర్లు. అయినప్పటికీ ఒడిశా తీరంలోని కటక్, కేంద్రపడ, జగత్‌సింగ్‌పూర్ జిల్లాల రైతులకు ఏటా వానాకాలంలో ఆ దిక్కుకు చూడక తప్పదు. అభన్‌పూర్‌కు తూర్పున కురిసిన నీరు నేరుగా మహానదిలో పడుతుంది. పడమట కురిసిన నీరు ఖారున్, శివనాథ్ నదుల మీదుగా చివరకు మహానదికే చేరుతుంది.

బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు సాధారణంగా తీరం దాటి పశ్చిమ వాయవ్య దిశగా సాగుతూ ఛత్తీస్‌గఢ్ మైదానంలో భారీగా వర్షిస్తాయి. సముద్రం నుంచి వెళ్లిన తేమే వరదగా మారి తిరిగి తీరానికి వస్తుంది. తీరంలో వాన తెరిపి ఇచ్చాక కూడా డెల్టా గ్రామాలు మునగడంలోని రహస్యం ఇదే.

రాయపూర్ పరిసరాల్లో ఏడాదికి సగటున సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అయితే ఈ సగటు అంకె తీరవాసికి చెప్పేది స్వల్పం. ఆ వర్షం నాలుగు నెలల్లో పడిందా, నాలుగు రోజుల్లో పడిందా అన్నదే అతనికి ముఖ్యం. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1950-2015 మధ్య కాలంలో మధ్య భారతంలో విస్తృత ప్రాంతాలను తడిపే అతి భారీ వర్షాలు మూడు రెట్లు పెరిగాయి. అదే కాలంలో రుతుపవనాలు మాత్రం బలహీనపడ్డాయి. అరేబియా సముద్రం నుంచి ఒక్కుమ్మడిగా దూసుకువచ్చే తేమ ఇందుకు కారణమని ఆ బృందం తేల్చింది.

పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినోను చూసి వర్షాన్ని అంచనా వేయడం పరిపాటి. అదీ ప్రతిసారీ సరిపోదు. 1997లో ఎల్ నినో అతి తీవ్రంగా ఉన్నా దేశంలో వర్షపాతం సాధారణంగానే నమోదైంది. 2023లో మాత్రం ఆగస్టు నెల 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా ముగిసింది.

ఈ అనిశ్చితి భారమంతా జలాశయాలపై పడుతున్నది. 1937 వరదల అనంతరం మహానదిపై జలాశయాల అవసరాన్ని సూచించినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. హైదరాబాద్‌ను మూసీ వరదల నుంచి కాపాడే పథకం రూపొందించిన ఇంజనీరు ఆయనే. ఆ ఆలోచన ఫలితంగా వచ్చిన హీరాకుడ్ 1957లో ప్రారంభమైంది. వరదను ఆపాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి. సాగుకు, విద్యుత్తుకు నీరు కావాలంటే వానాకాలం ముగిసే నాటికి నిండాలి. వాన ఎప్పుడు వస్తుందో తెలిసిన రోజుల్లోనే ఇది కత్తిమీద సాము. సెప్టెంబరులో భారీ వర్షం పడితే నిండుకుండలో చోటెక్కడిది? 2011 సెప్టెంబరు వరదల్లో అధికారులపై వచ్చిన విమర్శ సరిగ్గా ఇదే. పైగా హీరాకుడ్‌కు దిగువన కలిసే తేల్, ఓంగ్ నదులపై ఆ జలాశయానికి ఎలాంటి అదుపూ లేదు.

ఎగువ బ్యారేజీలు వేసవిలో నీటిని ఆపేస్తున్నాయని ఒడిశా చేసిన ఫిర్యాదుతో 2018 మార్చిలో ట్రిబ్యునల్ ఏర్పడింది. కరవు నాటి వాటాపై ఉన్న శ్రద్ధ వరద నాటి సమాచార మార్పిడిపైనా ఉండవలసింది.

తెలుగువారికీ ఇది పరాయి సమస్య కాదు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ వానలు మహానదికి గాక ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరికి చేరతాయి. ఇంద్రావతి భద్రాచలానికి ఎగువన కలిస్తే, శబరి దిగువన కూనవరం వద్ద కలుస్తుంది. గోదావరి ఎగదన్నితే శబరి నీరు వెనక్కి మళ్లి చింతూరు వైపు ఊళ్లను ముంచుతుంది. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8 అడుగుల నీటిమట్టం నమోదైంది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 2022లో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అది ఆగస్టు కాదు, జులై 16. కోనసీమ లంకలు ఆ వరదకు నెల ముందుగానే మునిగాయి.