ఉపగ్రహ పటంలో గొర్రెల జబ్బు జాడ

పశువులకు, పక్షులకు సోకే జబ్బుల్లో చాలావాటికి అవి తిరిగే నేలతో సంబంధం ఉంటుంది. తేమ, వేడి, నిలవనీరు, పచ్చిక అనువుగా ఉన్నచోట దోమలు, నుసుములు, పిడుదులు పెరుగుతాయి; వాటివల్ల జబ్బులు వ్యాపిస్తాయి. ఆ అనుకూలతలను ఆకాశం నుంచి కొలిచి, ముప్పు ఎక్కడ ఎక్కువో పటంగా గీయడం నాలుగైదు దశాబ్దాలుగా సాగుతున్న శాస్త్రం.

ఉపగ్రహానికి గొర్రె కనిపించదు, వైరసూ కనిపించదు. నేల నుంచి తిరిగి వచ్చే కాంతినే అది కొలుస్తుంది. పచ్చని ఆకు ఎర్రకాంతిని పీల్చుకుంటుంది, కంటికి అందని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాతో ఏ నేల ఎంత పచ్చగా ఉందో లెక్క కడతారు.

ఎన్టీఆర్ జిల్లా మైలవరం చుట్టుపక్కల ఈ లెక్క ఎలా పనిచేస్తుందో తేలిగ్గా చూడవచ్చు. ఒకపక్క కొండపల్లి అడవి, ఇంకోపక్క నూజివీడు దాకా మామిడి తోటలు, మధ్యలో వరి మళ్లు, చెరువులు. వానాకాలం చివర తీసిన చిత్రంలో అన్నీ పచ్చగానే ఉంటాయి. ఎండలు ముదిరాక అడవిలో చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, కోత కోసిన మడి బీడులా ఉంటుంది, మామిడి మాత్రం పచ్చగా నిలుస్తుంది. అందుకే ఏడాది పొడవునా తీసిన చిత్రాలను వరసగా పోలిస్తేనే ఏది తోటో ఏది మడో తేలుతుంది. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటిన తోటలో చెట్టుకొక గడి చొప్పున వస్తుందన్నమాట. మబ్బు పట్టినప్పుడు ఈ కెమెరాలు పనికిరావు. అప్పుడు మబ్బులోంచి నీటిని పసిగట్టే రాడార్ ఉపగ్రహాలు ఆదుకుంటాయి.

మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు వాగు చివరికి కొల్లేరు సరస్సులో కలుస్తుంది. పక్షుల ఆవాసం ఎలా మారిపోయిందో ఉపగ్రహం పట్టిచ్చింది అక్కడే. 2001 ఫిబ్రవరి నాటి భారతీయ ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలిస్తే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం మేర చేపల చెరువులే తేలాయి. తేటనీటి పరపు ఎక్కడా కనిపించలేదు. ఇలా చిత్తడి నేలలు తరిగి వరి మళ్లు, చెరువులు పెరిగేచోట బర్డ్ ఫ్లూ మీదా కన్నేసి ఉంచాలి. థాయ్‌లాండ్, వియత్నాంలపై 2008లో వెలువడిన అధ్యయనంలో ఆ జబ్బు ముప్పుకు కోళ్ల సంఖ్య కన్నా బాతుల సంఖ్యతో, ఏడాదికి ఎన్ని వరి పంటలు పండిస్తారన్నదానితో ఎక్కువ సంబంధం కనిపించింది. పంటల లెక్క ఉపగ్రహ చిత్రాల నుంచే వచ్చింది.

దక్షిణాదిలో ఈ పద్ధతికి మంచి ఉదాహరణ గొర్రెలకొచ్చే నీలినాలుక వ్యాధి. క్యూలికాయిడిస్ అనే సన్నని నుసుములు కుట్టడంవల్ల ఇది సోకుతుంది. బురదలో, తడి పేడలో అవి గుడ్లు పెడతాయి. జబ్బు తగిలిన గొర్రెకు జ్వరం వస్తుంది, మూతి వాస్తుంది, నోట్లో పుండ్లు పడతాయి, కుంటుతుంది. మనుషులకు సోకదు.

ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాదిలో 1992–2009 మధ్య వచ్చిన ఈ జబ్బు వివరాలను వాతావరణం, భూవినియోగం, పశుసంపద లెక్కలతో పోల్చిన అధ్యయనం 2019లో వెలువడింది. బెంగళూరులోని జాతీయ పశువ్యాధుల పరిశోధన సంస్థ (నివేది) శాస్త్రవేత్తలు ఇందులో పాల్గొన్నారు. సాగునీటి పొలాలున్న జిల్లాల్లో ముప్పు కాస్త పెరిగినట్టు కనిపించినా, అంతకంటే గట్టిగా కనిపించిన సంబంధం వేరే. జబ్బుకు లొంగే జాతి గొర్రెలు, గేదెలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లోనే అది ఎక్కువసార్లు వచ్చింది. గేదెల్లో లక్షణాలు బయటపడవు. కాబట్టి అవి వైరస్‌ను తమలో ఉంచుకుని పక్కనున్న మందలకు అందిస్తుండవచ్చని పరిశోధకులు భావించారు. అది రూఢి కావాలంటే గేదెల రక్తపరీక్షలు జరగాలి.

మామిడి కొమ్మల కింద మేసే మంద, కొట్టం పక్క పేడకుప్ప ఉపగ్రహానికి అందవు. అందుకే పటంతోపాటు పశుగణన, పశువైద్యుల నివేదికలు తప్పనిసరి. నివేది ఇలాంటి సమాచారాన్ని వాతావరణ వివరాలతో కలిపి, పశువ్యాధుల ముప్పును జిల్లాలవారీగా రెండు నెలల ముందే ప్రకటిస్తోంది. నీలినాలుకకు ఐదు రకాల వైరస్‌లపై పనిచేసే టీకా 2015 నుంచి అందుబాటులో ఉంది. జబ్బు వానల తర్వాత విజృంభిస్తుంది కనుక, ముందస్తు హెచ్చరిక అందిన జిల్లాలో వానలకు ముందే మందలకు టీకా వేయించే వీలుంటుంది.