కొమ్మ ఎక్కడ కొయ్యాలి?

ఇంజనీరింగ్ చదువుతూ చెట్లు కొట్టేవాళ్ల గురించి వ్యాసమేంటి అని అడుగుతారేమో. ఫస్టియర్ మెకానిక్స్‌లో మనం ఛాయిస్‌లో వదిలేసిన బెల్ట్ ఫ్రిక్షన్, సెకండియర్‌లో బట్టీ పట్టిన బెండింగ్ మొమెంట్... ఈ రెండూ బెజవాడ సందుల్లో రోజూ ఎవరో ఒకరు ఒట్టి చేతులతో చేసి చూపిస్తున్నారు. వాళ్లకి సూత్రాల పేర్లు తెలియవు. తప్పితే ఏం జరుగుతుందో మాత్రం మనకంటే బాగా తెలుసు.

మాది దివిసీమ వైపు ఊరు. మా పెదనాన్న కొబ్బరితోటకి దింపుకొచ్చేవాళ్లని, ఇక్కడ మా రూము సందులో కొమ్మలు కొట్టడానికి వచ్చే ముఠాని దగ్గరుండి చూశాను, విసిగించి మరీ ప్రశ్నలు అడిగాను. అలా తెలుసుకున్నదానికి పుస్తకాల్లో చదివింది కలిపి చెప్తున్నాను.

పేర్లు, మాటలు

ఇంగ్లీషు దేశాల్లో ఈ పని చేసేవాళ్లని ట్రీ సర్జన్ అంటారు. 1901లోనే అమెరికాలో జాన్ డేవీ అనే ఆయన 'ది ట్రీ డాక్టర్' అని పుస్తకం రాశాడు. మన దగ్గర పనిని బట్టి పేరు. కొబ్బరికాయలు దింపితే దింపు కార్మికుడు, తాడెక్కి కల్లు గీస్తే గీత కార్మికుడు. వేపో, నిద్రగన్నేరో నరకడానికి వచ్చేవాళ్లని ఊరికే "చెట్టు కొట్టేవాళ్లు" అంటాం.

నేను చూసిన ముఠాలో అయిదుగురు. పైకెక్కేవాడు ఒకడు, తాడు పట్టేవాళ్లు ఇద్దరు, పడిన కొమ్మలు సైజు చేసి ట్రాక్టరుకెత్తేవాడు ఒకడు, మేస్త్రి. పని జరిగేటప్పుడు వినిపించేవి మూడే మాటలు: "బిగు", "వదులు", "ఆగు". అవి కూడా మేస్త్రి ఒక్కడే చెప్తాడు. "అందరూ అరిస్తే పైనోడికి ఏదీ వినపడదు అబ్బాయ్" అన్నాడు మేస్త్రి బాబాయ్.

తాడు లెక్క

అడుగు మందం, మూడు మీటర్ల పొడవున్న పచ్చి కొమ్మ బరువెంతో చూద్దాం. పచ్చికర్ర క్యూబిక్ మీటరుకి 900 కేజీలు అనుకుంటే, ఆ కొమ్మ దాదాపు 190 కేజీలు. కింద పెంకుటిల్లు, పక్కన కరెంటు తీగ. దాన్ని ఇద్దరు మనుషులు ఎలా ఆపుతారు?

తాడుని ఇంకో బలమైన పంగ మీంచి వేసి, రెండో కొసని కింద మానుకి రెండు చుట్లు తిప్పుతారు. మన ఫార్ములా గుర్తుందా, ఈ టు ది పవర్ మ్యూ తీటా? మ్యూ 0.3 అనుకుంటే, ఒక చుట్టుకి పట్టు ఆరున్నర రెట్లు అవుతుంది, రెండు చుట్లకి 43 రెట్లు. అంటే 190 కేజీల కొమ్మని అయిదు కేజీల లాగుడుతో నిలబెట్టొచ్చు. బరువు మోసేది మనిషి కాదు, మాను బెరడు.

అయితే ఒక మెలిక ఉంది. కొమ్మ మీటరు దూరం ఊరికే పడి, తర్వాత తాడు 20 సెంటీమీటర్ల సాగుడులో దాన్ని ఆపితే, సగటున బరువుకి ఆరు రెట్లు దెబ్బ తగులుతుంది. 190 కేజీలు కాస్తా 1,100 కేజీలు దాటుతుంది. అందుకే తాడు పట్టేవాడు కొమ్మని టక్కున ఆపడు, కాస్త కాస్త జారనిస్తూ ఆపుతాడు. "బిగు" అనాల్సినచోట "వదులు" అంటే ఏమవుతుందో, "వదులు" అనాల్సినచోట "బిగు" అన్నా అంతే ప్రమాదం.

మూడు కోతలు

మానునుంచి బయటికొచ్చిన కొమ్మ ఒక కాంటిలీవర్. పైభాగం సాగుతుంటుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. పైనుంచే కోసుకుంటూ పోతే సగంలో కొమ్మ బరువుకి విరిగి, కిందనున్న బెరడుని మాను పొడవునా చీల్చుకుంటూ పోతుంది. అందుకని పద్ధతి ఇది: మానుకి అడుగు దూరంలో ముందు కిందనుంచి గాటు, తర్వాత దానికి కొంచెం బయటగా పైనుంచి కోత. కొమ్మ శుభ్రంగా పడిపోతుంది. మిగిలిన మొండిని మూడో కోతతో తీసెయ్యాలి.

ఆ మూడో కోత ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. కొమ్మ మొదట్లో మాను చుట్టూ కంటెలా ఒక ఉబ్బు ఉంటుంది. దాన్ని కోసేస్తే మానుకే గాయం. దానికి దూరంగా మొండి వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి దిగుతుంది. ఆ ఉబ్బుకి బయట, ఆనుకుని కొయ్యాలి. చెట్టు మన చర్మంలా గాయం మాన్చుకోదు. గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుని, పైనుంచి కొత్త కర్రతో కప్పేస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లు కోసి చూసి 1977లో ఈ సంగతి వివరంగా ప్రచురించాడు. గాయం మీద తారు, రంగు పూసినా కుళ్లు ఆగదని కూడా ఆయన పరిశోధనల్లోనే తేలింది. గోడ చెట్టే కట్టుకోవాలి, మనం చెయ్యగలిగింది సరైనచోట కొయ్యడమే.

ఆలస్యమైతే వైద్యం ఎంత కష్టమో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూపించింది. 2018లో ఆ మర్రికి చెదలు పట్టి, అటవీశాఖవాళ్లు సెలైన్ బాటిళ్లతో బొట్టుబొట్టుగా మందెక్కించారు, వాలిన ఊడలకి, కొమ్మలకి ఆసరా దిమ్మెలు కట్టారు.

తల కొడితే

వీధుల్లో మనం ఎక్కువగా చూసేది మాత్రం చెట్టు తల మొత్తం నరికి మోడు చెయ్యడం. రెండు నెలల్లో గుబురుగా చిగుర్లు వేస్తుంది కదా, బాగానే ఉందనుకుంటాం. ఆ చిగుర్లు పై పొరల్లోంచి పుడతాయి, అసలు కొమ్మలా లోపలిదాకా అతుకు ఉండదు. మూడు నాలుగేళ్లకి లావవుతాయి, కింద కోసినచోట కుళ్లు దిగుతుంటుంది. తర్వాత తుఫాను వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినట్టు, మనకి తుఫాను కొత్త కాదు. పైగా డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి వేళ్లు లోతుకి పోవు. ఆ వేళ్లని కూడా డ్రైను కోసం, సిమెంటు రోడ్డు కోసం ఒకపక్క తెగ్గొడతాం.

తల కొట్టకుండా తీగకి దారి ఇవ్వాలంటే, అడ్డొచ్చే కొమ్మని పక్క కొమ్మ పుట్టిన పంగ దాకా వెనక్కి కొయ్యాలి. మరి మేస్త్రులు అలా ఎందుకు చెయ్యరు? అడిగాను. "కూలి ఎవరిస్తారు? కర్ర మాకొదిలేసి పని చేయించుకుంటారు" అన్నాడు. చాలాచోట్ల బేరం ఇదే: డబ్బులివ్వం, కర్ర పట్టుకుపో. సన్నకొమ్మకి అడితిలో రేటు లేదు, లావు దుంగకే రేటు. ఇంటాయన ఆదా చేసిన కూలిని చెట్టు కడుతుంది.

కొబ్బరి, తాడి వేరు

వీటి కాండంలో ఏటేటా కొత్త కర్ర వేసే పొర ఉండదు. ఎక్కడానికి గాట్లు పెడితే ఆ గాటు చెట్టు బతికినన్నాళ్లూ అలాగే ఉంటుంది. పచ్చిగాయంలో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. ఇక మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. అందుకే మంచి దింపువాళ్లు ఎండు మట్టలు తీస్తారు గానీ పచ్చి మట్టల జోలికి పోరు.

మా ఊరికి దింపుకొచ్చే అన్న ఒకాయన వానాకాలంలో తడిమాను మీద జారి పడ్డాడు. నడుము దెబ్బతింది. ఇప్పుడు కింద కూర్చుని కాయలు లెక్కపెడుతున్నాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యంత్రంతో చెట్టెక్కడం నేర్పుతోంది, 'కేర సురక్ష' పేరుతో బీమా పథకమూ ఉంది. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి 'కాటమయ్య రక్షక కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మా తోటకొచ్చే మిగతావాళ్లు ఇంకా మోకు మీదే ఎక్కుతున్నారు.

కరెంటు పోతే ఎల్‌సీ కాదు

ఇది అన్నిటికంటే ముఖ్యం. పచ్చికొమ్మ నిండా నీరే, 11 కేవీ తీగకి తగిలితే కొమ్మ, చెట్టు, మనిషి అన్నీ కండక్టర్లే. "కరెంటు పోయింది, గబగబా ఎక్కేద్దాం" అనేది చావు కబురు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి అది తీసుకుని, ఏబీ స్విచ్ తెరిచి, తీగలకి ఎర్తింగ్ రాడ్లు తగిలించాకే ఎవరైనా పైకెక్కాలి. ఎర్తింగ్ ఎందుకంటే, ఎవరింట్లోనో జనరేటర్ సరైన స్విచ్ లేకుండా నడిస్తే, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి చచ్చిన లైనుని బతికించగలదు.

మీ ఇంటి దగ్గరికి ముఠా వచ్చినప్పుడు నాలుగు పనులు చెయ్యండి. తీగ దగ్గరుంటే ముందు కరెంటు ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఏ కొమ్మ, ఏ పంగ దాకా అన్నది వాళ్లు ఎక్కకముందే సుద్దతో గీత గీసి మాట్లాడుకోండి. చివరగా, కర్ర బేరం పెట్టకుండా కూలి డబ్బులుగా ఇవ్వండి. మేస్త్రి బాబాయ్‌కి సరైన కోత తెలుసు. ఆ కోత కోసినా ఇంటికి డబ్బులు పట్టుకెళ్లగలిగితే, అదే కోస్తాడు.