ఐ-90 పక్కన అడవిని మళ్లీ నిలబెట్టారు

సియాటిల్‌లో ఐ-90 హైవే ఎక్కి తూర్పుకు వెళ్తే అరగంటలో ఊళ్లు వెనకబడిపోతాయి. రెండు పక్కలా డగ్లస్ ఫర్, సీడర్, హెమ్లాక్ చెట్లు కమ్ముకొస్తాయి. బెల్‌వ్యూ, ఇసక్వా, సమామిష్ ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వారాంతాల్లో బాగా అలవాటైన దారి. సెలవులకు వచ్చిన అమ్మానాన్నలకు స్నోక్వాల్మీ జలపాతం, రాటిల్‌స్నేక్ సరస్సు చూపిస్తే గానీ వాళ్లకు తృప్తి ఉండదు. కారులోంచి చూస్తే ఈ పచ్చదనం ఎప్పటినుంచో ఇలాగే ఉందనిపిస్తుంది.

రాటిల్‌స్నేక్ సరస్సు దగ్గర దిగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నీళ్లు తగ్గిన రోజుల్లో ఒడ్డున బ్రహ్మాండమైన మొద్దులు బయటపడతాయి. ఒక్కో మొద్దుకు నేల నుంచి కొంత ఎత్తులో చిన్న గంటు కనిపిస్తుంది. కలప కోసేవాళ్లు ఆ గంటులో పలక దోపి, దానిమీద నిలబడి రంపం పట్టేవాళ్లు. అడుగు భాగం మరీ లావు కాబట్టి ఆ ఎత్తులో కోశారు. ఈ కొండల మీది పెద్ద చెట్లు చాలావరకు అలా మిల్లులకు పోయాయి. ఇప్పుడు మనం చూస్తున్నది ఆ తర్వాతి తరం అడవి. కొంత తనంతట తాను మొలిచింది, కొంత మనుషులు నాటింది. దాన్ని కాపాడుతున్న సంస్థల్లో ముందు చెప్పుకోవలసింది మౌంటెన్స్ టు సౌండ్ గ్రీన్‌వే ట్రస్ట్. లాభాపేక్ష లేని ఈ సంస్థ 1991లో పుట్టింది.

ముక్కలైన నేల

ఈ అడవి చిక్కులకు మూలం 1864 నాటిది. నార్తర్న్ పసిఫిక్ రైల్వే లైను వేయడానికి అమెరికా ప్రభుత్వం దారి వెంబడి ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూమి రాసిచ్చింది. ఒక గడి రైల్వేది, పక్క గడి సర్కారుది. తర్వాత రైల్వే గడులు చాలావరకు కలప కంపెనీల చేతికి వెళ్లాయి. 1980లు వచ్చేసరికి సియాటిల్ పెరుగుతూ కొండల దాకా వచ్చింది. ఒక గడిలో కోత, ఇంకో గడిలో ఇళ్ల ప్లాట్లు. ఇలాగే వదిలేస్తే హైవే పొడుగునా దుకాణాలు, పార్కింగ్ స్థలాలు తప్ప ఏమీ మిగలవని ఇసక్వా కాలిబాటల క్లబ్బు వాళ్లకు దిగులు పట్టుకుంది. ఆ క్లబ్బును 1979లో హార్వీ మానింగ్ అనే రచయిత మొదలుపెట్టారు. క్లబ్బు సభ్యులు 1990 వేసవిలో స్నోక్వాల్మీ కనుమ నుంచి సముద్రం దాకా పాదయాత్ర చేశారు. కొండ నుంచి కడలి దాకా పచ్చదనం తెగకూడదన్నదే వాళ్ల మాట.

ఆ మాటను పనిగా మలిచింది జిమ్ ఎల్లిస్. ఆయన లాయరు. ఎన్నికల్లో గెలిచి పదవులు చేసిన మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ్ముడు చనిపోతే, తమ్ముడి వంతు సేవ కూడా తానే చేయాలని నిశ్చయించుకున్నారు. మురుగుతో పాడైన లేక్ వాషింగ్టన్‌ను బాగుచేయడానికి 1950లలో పూనుకున్నది ఆయనే. గ్రీన్‌వే ట్రస్ట్‌కు తొలి అధ్యక్షుడై కలప కంపెనీలను, పర్యావరణవాదులను, ప్రభుత్వ శాఖలను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. కొన్ని భూములు కొన్నారు, కొన్నింటిని మార్పిడి చేయించారు. ముక్కలు కలిశాయి. 2019లో అమెరికా కాంగ్రెస్ ఈ ప్రాంతాన్ని జాతీయ వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. సియాటిల్ నుంచి ఎలెన్స్‌బర్గ్ దాకా దీని విస్తీర్ణం 15 లక్షల ఎకరాలు. అదే ఏడాది అక్టోబరులో, 98 ఏళ్ల వయసులో ఎల్లిస్ కన్నుమూశారు.

ఏటి గట్టున ఒక శనివారం

ఇసక్వా దగ్గర లేక్ సమామిష్ స్టేట్ పార్కులో ట్రస్ట్‌కు సొంత నర్సరీ ఉంది. అక్కడ పెంచేవన్నీ ఈ నేలకు చెందిన చెట్లూ పొదలే. వానలు మొదలయ్యే శరదృతువు నుంచి వసంతం తొలి రోజుల దాకా నాటే కాలం. శనివారం ఉదయం వాలంటీర్లు చేతి తొడుగులు వేసుకుని వరుస కడతారు. స్కూలు పిల్లలు, కంపెనీ ఉద్యోగులు, రిటైరైనవాళ్లు అందరూ ఉంటారు.

మొక్క చేతికి రాకముందే పెద్ద పని ఒకటుంది. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అని పిలిచే ముళ్లపొద బయటి దేశాల నుంచి వచ్చి ఏటి గట్లన్నీ ఆక్రమించింది. పైన కోస్తే చావదు. నేలలో ఉన్న వేరుదుంపను పలుగుతో పెకలించాలి. వంగిన కొమ్మ కొస నేలకు తగిలితే అక్కడా వేరు పోస్తుంది. ఇంగ్లిష్ ఐవీ అనే తీగ మరో బెడద. చెట్లమీదికి పాకి వాటిని అణిచేస్తుంది. అందుకే మొదట మాను చుట్టూ తీగను తెగ్గోస్తారు. పైన ఉన్నది ఎండిపోయాక కింది తీగను చుట్ట చుట్టి లాగేస్తారు.

తర్వాత గుంట తీసి, వేరు మడత పడకుండా మొక్కను నిలబెట్టి, మట్టి కప్పి పాదంతో అదుముతారు. చుట్టూ అట్టముక్కలు పరిచి వాటిపైన చెక్కపొట్టు పోస్తారు. కలుపు రాదు, తేమ పోదు. తడి గట్ల మీద, మనం మునగకొమ్మ పాతినట్టే, విల్లో కొమ్మలు పాతుతారు. చెట్లు కొరికే బీవర్లు తిరిగే చోట ప్రతి మొక్కకూ ఇనుప వల చుట్టాలి. ఇదంతా చేపల కోసం కూడా. ఏటి మీద నీడ పడితే నీళ్లు చల్లగా ఉంటాయి. సాల్మన్ గుడ్లు పెట్టడానికి చల్లటి నీళ్లే కావాలి. సమామిష్ సరస్సులో పెరిగే కోకనీ అనే సాల్మన్ జాతి ప్రమాదకరంగా తగ్గిపోయింది.

ఇంత చేశాక కూడా అడవి అయిపోయినట్టు కాదు. జులై, ఆగస్టుల్లో ఇక్కడ వాన అరుదు. ముళ్లపొద మళ్లీ తలెత్తుతుంది. మొక్కలు దాన్ని దాటి ఎదిగేదాకా ఏటా వెళ్లి కలుపు తీయాల్సిందే.

బాట వేయడమూ అడవిని కాపాడటమే

సంస్థ రెండో పని కాలిబాటలు. మెయిల్‌బాక్స్ శిఖరం పాత బాట చూస్తే దీని అవసరం అర్థమవుతుంది. సుమారు రెండున్నర మైళ్లలో నాలుగు వేల అడుగులు పైకి ఎక్కుతుందది. ఎవరూ పథకం ప్రకారం వేసిన బాట కాదు, జనం నిటారుగా ఎక్కగా పడిన దారి. వాననీళ్లు దాని వెంటే పరుగెత్తి మట్టిని కోసేశాయి, చెట్ల వేళ్లు బయటపడ్డాయి. బురద తప్పించుకోవాలని నడిచేవాళ్లు పక్కకు జరిగేకొద్దీ బాట వెడల్పయింది, మొక్కలు చచ్చాయి. దారి తప్పినవాళ్ల కోసం రక్షక దళాలు వెళ్లాల్సి వచ్చేది. 2014లో మలుపులు తిరుగుతూ నెమ్మదిగా ఎక్కే కొత్త బాట తెరిచారు. పొడవు దాదాపు రెట్టింపు. మంచి బాటలో రహస్యం దాని వాలులో ఉంటుంది. లోయ వైపు కొద్దిగా వాలేలా చెక్కితే నీళ్లు బాట వెంట పారకుండా పక్కకు జారిపోతాయి.

మిడిల్ ఫోర్క్ స్నోక్వాల్మీ లోయ కథ ఇంకా గట్టిది. ఒకప్పుడు అక్కడ పారేసిన కార్లు, దొంగచాటుగా పోసిన చెత్త, తుపాకుల మోత. కుటుంబాలు వెళ్లడానికి జంకేవి. ప్రజాసంఘాలు ఏళ్ల తరబడి చెత్త ఎత్తి, బాటలు వేసి, మంచి మనుషుల రాకపోకలు పెంచాయి. 2014లో ఆ నదికి కేంద్ర చట్టం కింద రక్షణ దొరికింది. 2017లో లోయలోకి వెళ్లే రోడ్డు పని పూర్తయింది. జనం ప్రేమగా వెళ్లే చోటును పాడుచేయడం కష్టం.

అలాగని జనం విరగబడినా అడవికి దెబ్బే. అందుకే వాహనాలు తగ్గించడానికి 2017లో కింగ్ కౌంటీ ఈ బాటల మొదలు దాకా ట్రెయిల్‌హెడ్ డైరెక్ట్ బస్సులు మొదలుపెట్టింది.

నడిపించే వాళ్ల పని

ట్రస్ట్ కార్యక్రమాలు నడిపే మేనేజరు చేతిలో భూమి ఉండదు. ఒక బాట జాతీయ అడవిలో మొదలై రాష్ట్ర అటవీ భూమిలోకి వెళ్లొచ్చు. పక్కనే కౌంటీ పార్కు, ఆ పక్కన కలప కంపెనీ. టైగర్ మౌంటెన్ లాంటి రాష్ట్ర అడవిలో ఒకపక్క నడక బాటలు, మరోపక్క బడుల నిర్మాణానికి నిధులిచ్చే కలప కోత. అందరి అనుమతులూ కావాలి, అందరి దగ్గరా నిధులు పోగు చేయాలి. చలికాలంలో నాట్లు, వసంతంలో కూలిన చెట్లు తొలగించడం, మంచు కరిగాక ఎత్తయిన బాటల మరమ్మతు, ఎండాకాలమంతా కలుపు. వచ్చిన ప్రతి వాలంటీరుకూ పని, పనిముట్టు, భద్రత చూపాలి.

ఇది స్నోక్వాల్మీ తెగవారి పూర్వీకుల నేల కూడా. జలపాతం వాళ్లకు పవిత్ర స్థలం. దాని పక్కనున్న భూమిని 2019లో ఆ తెగే కొనుక్కుంది. మనం సెల్ఫీ తీసుకునే చోట వాళ్లు ప్రార్థన చేస్తారు. ఆ గౌరవం నడిచేవాళ్లకు ఉండాలి.

ఈ ప్రాంతంలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. ఈ బాటలు మనం వాడుకుంటున్నాం, వాటి కోసం పని కూడా చేద్దాం. మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలు తమ ఉద్యోగి శ్రమదానం చేసిన సేవాసంస్థకు ఆ గంటల లెక్కన డబ్బు కూడా ఇస్తాయి. ఒక శనివారం పిల్లలను, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మొక్కలు నాటడానికి వెళ్లండి. వ్యవసాయం చేసిన తాతయ్య చేతికి పార ఇస్తే అక్కడి వాలంటీర్లకు నేర్పించగలడు. ఇక సొంత ఊళ్లో మొక్కలు నాటే కార్యక్రమం ఎప్పుడు జరిగినా ఎన్ని నాటారని అడిగి ఊరుకోవద్దు. మూడో వేసవిలో వాటికి కలుపు తీసేదెవరు, నీళ్లు పోసేదెవరు అని కూడా అడగండి.